దళారి లేని సరోగసీ

సంతానము లేని దంపతుల దుఃఖ మెట్టిదో మన గృహములలో నెరుగనివా రుండరు. ఆ దుఃఖమునే పెట్టుబడిగా జేసికొని కొందరు వర్తకము సాగించిరి. ఒక స్త్రీ పేదరికమునకును, మరియొక స్త్రీ ఆశకును నడుమ దళారి నిలిచి సొమ్ము గైకొనుచుండెను. "అద్దెగర్భ" మను మాట మన భాషలో పాదుకొనుటకు ఈ వర్తకమే కారణము.

2021వ సంవత్సరపు సరోగసీ నియంత్రణ చట్టము 2022 జనవరి 25వ తేదీనుండి అమలులోనికి వచ్చి దీనిని నిషేధించినది. వైద్యవ్యయము, నియమములలో జెప్పిన యితర వ్యయములు, బీమా తప్ప గర్భము ధరించు స్త్రీకి ప్రతిఫల మీయరాదు. దళారులను నియోగించుట 10 సంవత్సరముల వరకు కారాగారమునకును, 10 లక్షల రూపాయల వరకు జరిమానాకును పాత్రమైన నేరము. వర్తకరీతిని బిడ్డను గోరు దంపతులకు సైతము మొదటి తప్పునకే 5 సంవత్సరముల వరకు శిక్ష గలదు.

అయినను దళారి మాయము కాలేదు. సికింద్రాబాదున నొక సంతానసాఫల్య కేంద్రము సరోగసీవలన బుట్టినదని చెప్పి యప్పగించిన శిశువునకు ఆ దంపతులతో రక్తసంబంధము లేదని డి.ఎన్.ఏ. పరీక్షలో తేలినట్లు 2025 జూలైలో పోలీసులు ప్రకటించిరి. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. మనము నేర్వవలసిన దొక్కటి: "సొమ్ము చెల్లింపుడు, తక్కినది మేము చూచుకొందుము" అనువారి చేతిలో బిడ్డ భవిష్యత్తును బెట్టరాదు.

కావున దంపతులు తామే సిద్ధపడవలెను. భార్యకు 23 మొదలు 50, భర్తకు 26 మొదలు 55 ఏండ్ల లోపు వయస్సుండవలెను. వైద్యకారణము గలదని జిల్లా వైద్యమండలి యిచ్చు పత్రము, బిడ్డకు తలిదండ్రులెవరో, సంరక్షణ యెవరిదో తెలుపు మేజిస్ట్రేటు ఉత్తరువు, గర్భము ధరించు స్త్రీ పేర 36 మాసముల బీమా, అధికారి యొసగు అర్హతాపత్రములు ముందుగనే సంపాదింపవలెను. ఆ స్త్రీ వివాహమై, స్వంతబిడ్డ గలిగి, 25 మొదలు 35 ఏండ్ల లోపుదై యుండవలెను. జీవితమున నొక్కమారు మాత్రమే ఆమె యీ భారము వహింపవచ్చును.

కాని కాగితములకన్న ముందు విచారింపవలసినది ఆమె మనస్సు. ప్రతిఫలము నిషేధింపబడగా దంపతుల చూపు బంధువర్గమువైపు మరలుట సహజము. వీథిలోని దళారి పోయి, ఇంటిపెద్దయే దళారి యగు ప్రమాద మిచ్చటనే యున్నది. అత్తవారి పంచ నున్న చిన్నకోడలిని, అన్నగారి యింట దలదాచుకొన్న చెల్లెలిని "నీవు గాక మాకెవరున్నారమ్మా?" యని పెద్దలందరి యెదుట నడిగిన, ఆమె కాదనగలదా? మౌన మర్ధాంగీకార మను లోకోక్తి యిచ్చట చెల్లదు.

చట్టమీ సంగతి నెరుగును. ఆమెకు దెలిసిన భాషలో వ్రాతమూలకమైన సమ్మతి యుండవలె ననుచున్నది. పిండమును గర్భమున బ్రవేశపెట్టు పర్యంతము సమ్మతిని మరలించుకొను హక్కు నామె కిచ్చినది. చట్టవిరుద్ధముగా సరోగసీ జరిగినచో, మారుసాక్ష్యము లేనంతవరకు, భర్తయో దంపతులో బంధువులో ఆమెను నిర్బంధించిరనియే న్యాయస్థానము భావింపవలెనని శాసించినది.

మా సూచన యిది. ఆమెను ఒంటరిగా అడుగుడు, ఆలోచించుకొనుటకు గడువిండు. దంపతుల పక్షము కాని వైద్యునితోను, న్యాయవాదితోను ఆమెను మాటలాడనిండు. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టముక్రింద స్త్రీలకు ఉచిత న్యాయసహాయ మర్హమై యున్నది. ప్రతి జిల్లాయందును అందుకై సంస్థ గలదు. ప్రసవానంతర మామె విశ్రాంతికి, ఆమె బిడ్డల పోషణకు నేర్పాటులు ముందే యోచింపుడు. ఆమె కాదన్నచో మరునాడు ఆ యింట ఆమె గౌరవము రవంతయు తగ్గరాదు. కాదనుటకు వీలులేని చోట పుట్టిన "సరే" యను మాటమీద ఏ తల్లియు తన బిడ్డ తొట్టెను గట్టగోరదని మేము నమ్ముచున్నాము.