వరుస తప్పి నిలబడిన బిడ్డ

రాజ్యం మతానికి దూరంగా ఉండాలని ఒక నాస్తికురాలు సాగించిన పోరాటాన్ని మేము గౌరవిస్తున్నామంటే కొందరు పాఠకులు నొచ్చుకోవచ్చు. మతాల గురించి మ్యాడలిన్ మర్రే అన్న మాటలు మాకూ రుచించవు. అయినా అమెరికాలో, బాల్టిమోర్ ప్రభుత్వ బడుల్లో ప్రతి ఉదయం సాగిన బైబిలు పఠనంపై ఆమె వేసిన దావా మనకూ పట్టినదే. ఇష్టం లేని పిల్లలకు మినహాయింపు ఉందన్నారు అధికారులు. అది సమాధానం కాదని 1963లో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో తేల్చింది.

తోటివారంతా చేతులు జోడించినవేళ ఒక్కడే వరుస తప్పి నిలబడే బిడ్డ బాధను ముస్లిం తల్లికి ఎవరూ వివరించనక్కరలేదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థల్లో సంరక్షకుల సమ్మతి లేనిదే మైనర్లను మతారాధనకు హాజరుపరచరాదని మన రాజ్యాంగపు 28వ అధికరణం చెబుతున్నది. ఆ సమ్మతిని ముందుగా అడిగే బడులెన్ని? మౌనమే సమ్మతిగా చెల్లిపోతున్నది. ప్రవేశపత్రంలోనే ఆ ప్రశ్న ఉండాలని విద్యాశాఖను కోరుతున్నాము.