జన్యువు తలరాత కాదు

మానసిక వ్యాధుల విషయంలో మన అభ్యుదయ మిత్రులు కొందరు ఒక విచిత్రమైన వాదం చేస్తున్నారు. స్కిజోఫ్రీనియాకు జన్యు కారణాలు వున్నాయంటే చాలు, అది హిట్లరు మాట అని కొట్టిపారేస్తారు. ఆ వ్యాధి పూర్తిగా సమాజం తెచ్చిపెట్టిందేనంటారు. ఈ వాదం వినడానికి విప్లవాత్మకంగానే వుంటుంది. కాని ఇది భౌతికవాదం కాదని నేనంటాను.

వారి భయానికి కారణం లేకపోలేదు. 1933లో నాజీ ప్రభుత్వం స్కిజోఫ్రీనియాను పేరుపెట్టి చట్టంలో చేర్చింది. ఆ చట్టం కింద సుమారు 4 లక్షల మందికి బలవంతాన పిల్లలు పుట్టకుండా చేసింది. 1940-41లో 70 వేల మందికి పైగా రోగులను విషవాయువుతో చంపింది. రూడిన్ వంటి శాస్త్రజ్ఞులు ఆ చట్టానికి వ్యాఖ్యానం రాసిపెట్టారు. అయితే నేరం హంతకులది, వాస్తవానిది కాదు. రాజకీయం కోసం వాస్తవాన్ని కాదంటే ఏమవుతుందో మనవైపు చరిత్రే చెబుతుంది. 1948లో సోవియట్ రాజ్యం లైసెంకోను నెత్తికెత్తుకొని జన్యుశాస్త్రాన్ని వెలివేసింది. అంతకు ముందే, 1943లో, వావిలోవ్ జైలులో మరణించాడు.

వంశపారంపర్యాన్ని కాదన్నవారు నింద ఎవరి మీద వేశారో కూడా చూడాలి. 1948 నుంచి అమెరికాలో కొందరు వైద్యులు తల్లి పెంపకమే ఈ వ్యాధిని పుట్టిస్తుందన్నారు. 1966లో హెస్టన్ ఆ మాటను పరీక్షకు పెట్టాడు. వ్యాధిగ్రస్తులైన తల్లులకు పుట్టి, పుట్టగానే వారికి దూరమై పెరిగిన 47 మందిని పరిశీలిస్తే 5గురికి వ్యాధి వచ్చింది. అలాగే దూరంగా పెరిగిన ఇతర తల్లుల బిడ్డలు 50 మందిలో ఒక్కరికీ రాలేదు.

అయినా జన్యువు తలరాత కాదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వ్యాధి వుంటే, రెండవవారికి సగం కంటే ఎక్కువసార్లు రాదు. 2022లో వెలువడిన పరిశోధన జన్యు సంపుటిలో 287 చోట్లను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం అత్యల్పం. 1944-45లో నాజీల దిగ్బంధంలో హాలెండు ఆకలితో మాడింది. ఆ కరువు ముదిరిన రోజుల్లో కడుపున పడిన బిడ్డలకు ఈ వ్యాధి ముప్పు రెట్టింపయింది. ఆకలికీ జీవశాస్త్రానికీ నడుమ గోడ కట్టేవారు దీనికి జవాబు చెప్పాలి.

ఉపాధ్యాయులకు మరీ దగ్గరి విషయం ఒకటుంది. ఈ వ్యాధిలో లేని గొంతులు వినపడతాయని అందరికీ తెలుసు. ధ్యాస నిలవదని చాలామందికి తెలియదు. వ్యాధి లేని తోబుట్టువుల్లో కూడా ఆ లోపం కొద్దిగా కనిపిస్తుంది. అంటే వంశంలో దిగివచ్చేది వ్యాధి కాదు, దానికి లోబడే గుణం మాత్రమే. ధ్యాస నిలవని విద్యార్థుల్లో అత్యధికులకు ఈ వ్యాధి రానే రాదు. కాని “వీడికి శ్రద్ధ లేదు” అని మనం వేసే ముద్ర ఎంత అన్యాయమైనదో ఆలోచించాలి.

“ఆ ఇంట్లో పిచ్చి వుంది” అని రోగి చెల్లెలి సంబంధం తప్పించే పెద్దలకూ ఇదే నా జవాబు. తోబుట్టువుల్లో నూటికి సుమారు 90 మందికి వ్యాధి రాదు. వ్యాధి పేరు ఒక్కటే విడాకులకు చాలదని 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

విధిని నమ్మేవాడు జన్యువును చూసి చేతులు ముడుచుకుంటాడు. పిడివాది జన్యువే లేదంటాడు. ఇద్దరూ రోగిని ఒంటరిగానే వదిలేస్తారు. గర్భిణికి తిండి, రోగికి వైద్యం, కుటుంబానికి గౌరవం — వీటికోసం పోరాడదలచినవారు ముందు నిజాన్ని ఒప్పుకోవాలి.