వాళ్ళకూ తెలియని మాట



ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడొకడు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. వాళ్ళ నాన్నగారు ఈమెయిలు పాస్‌వర్డు మరిచిపోయారట. అక్క కాలేజీ ప్రవేశానికి సంబంధించిన కబుర్లన్నీ ఆ మెయిలుకే వస్తాయి. ఇంటిల్లిపాదీ కంగారు పడుతూండగా, ఎవరో ఇంటర్నెట్టులో వెతికి ఒక ఫోను నెంబరు పట్టుకొచ్చారు. ఫోను చేస్తే అవతలి మనిషి, "ముందు వెయ్యి రూపాయలు పంపండి, మీ పాత పాస్‌వర్డు ఏమిటో ఇప్పుడే చెప్పేస్తాను," అన్నాడు.

"మాస్టారూ, ఇతను పాతది చెబుతానంటున్నాడు. అసలు కంపెనీ మాత్రం ఎప్పుడూ కొత్తది పెట్టుకోమనే అంటుంది. పాతది చెప్పెయ్యడానికి వాళ్ళకేం అడ్డం?" అని కుర్రవాడు నన్ను అడిగాడు.

చాలా మంచి ప్రశ్న. అడ్డమేమీ లేదు. పాతది వాళ్ళకూ తెలియదు!

తెలియకపోతే, మనం సరైన మాట కొట్టామో తప్పు కొట్టామో వాళ్ళెలా కనుక్కుంటారు? అందులోనే ఉంది తమాషా అంతా.

అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థ ఉంది. అక్కడ 1961లో ఫెర్నాండో కార్బటో అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ కలిసి, ఒకే కంప్యూటరును చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేసి చూపించారు. ఒకరి పని మరొకరు చూడకుండా ఒక్కొక్కరికీ ఒక్కో రహస్యపు మాట ఉండేది. కంప్యూటరు పాస్‌వర్డులకు అవి తొలి రోజులు. అయితే ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఒక పట్టీలో రాసి ఉంచారు. 1966లో ఒకనాడు ఏమయిందంటే, ఆ పట్టీ, ఆనాటి ప్రకటన ఒకదాని స్థానంలోకి మరొకటి వచ్చాయి. పనిచేసుకుందామని కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివారికీ ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి! ఏ దొంగా రాలేదు, ఎవరూ ఏదీ బద్దలుకొట్టలేదు. పట్టీ అంటూ ఉన్నందువల్ల వచ్చిన తంటా అది.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసిన రోజర్ నీధామ్ ఆ దశాబ్దంలోనే ఒక చక్కని ఉపాయం పన్నాడు. మాటను దాచవద్దు, దాన్ని ఒక లెక్కలో వేసి రుబ్బి, వచ్చిన ముద్రను మాత్రం దాచుకోవాలి అన్నాడు. మీ అమ్మమ్మ రుబ్బిన దోసెల పిండిలోంచి బియ్యపు గింజలు మళ్ళీ ఏరగలరా? అలాంటిదే ఇదీ.

కాగితం, పెన్సిలూ తీసుకుంటే మీరే ఈ ముద్ర చేసి చూడవచ్చు. వందలోపు సంఖ్య ఒకటి అనుకోండి. దాన్ని దానితోనే హెచ్చవేసి, చివరి రెండంకెలు ఉంచి తక్కినవి చెరిపెయ్యండి. మీరు 47 అనుకున్నారనుకుందాం. దాని వర్గం 2209. మిగిలేది 09. ఆ 09 ఒక్కటే మీ స్నేహితుడికిచ్చి, నేననుకున్న సంఖ్యేమిటో చెప్పమనండి. అతను 3 అనవచ్చు, దాని వర్గం 9 కనుక. 53 అనవచ్చు, దాని వర్గం 2809. 97 అన్నా తప్పు లేదు, దాని వర్గం 9409. 47 నుంచి 09కి రావడం చిటికెలో పని. 09 నుంచి 47కే తిరిగి వెళ్ళడానికి దారి లేదు.

కంప్యూటర్లు చేసే లెక్క ఇంతకంటె ఎన్నో రెట్లు చిక్కయినది. మన ఆటలో నాలుగు సంఖ్యలకు ఒకే ముద్ర పడింది గాని, అక్కడ రెండు మాటలకు ఒకే ముద్ర పడటం దాదాపు జరగని పని. మనం పాస్‌వర్డు కొట్టగానే కంప్యూటరు దాన్ని అప్పటికప్పుడు రుబ్బి, దాచుకున్న ముద్రతో సరిపోల్చి, కలిస్తే తలుపు తీస్తుంది. మాటను మరిచిపోతుంది. ముద్రల పట్టీని దొంగ ఎత్తుకుపోయినా మన మాట వాడికి నేరుగా దొరకదు. కాని మీ పేరో, పుట్టినరోజో, 123456 అనో పెట్టుకున్నారనుకోండి. వాడు అలాంటివన్నీ ఒక్కొక్కటే రుబ్బి, ఏ ముద్రతో కలుస్తుందో చూస్తాడు. అంచేత పాస్‌వర్డు పొడుగ్గా ఉండాలి, ఇతరుల ఊహకు అందకుండా ఉండాలి. ఒక ఖాతాకు పెట్టినది మరోదానికి పెట్టకూడదు. అన్నట్టు, ఎక్కడైనా మీ పాత పాస్‌వర్డును ఉన్నదున్నట్టు మెయిలులో పంపించారంటే, వాళ్ళింకా 1966 నాటి పట్టీయే రాసుకుంటున్నారన్నమాట. అక్కడ ఖాతా ఉంచుకోకపోవడమే నయం.

ఇప్పుడా వెయ్యి రూపాయల మనిషి సంగతి ఆలోచించండి. కంపెనీకే తెలియని మాట అతనికెలా తెలిసింది? నేనీ మాటే అంటే కుర్రవాడు తల ఊపి, నాన్నగారితో చెప్పడానికి ఇంటికి పరుగెత్తాడు. వెయ్యి రూపాయలు దక్కాయి.

మరి ఖాతా తెరిచేదెలా? "పాస్‌వర్డు మరిచిపోయాను" అని ఉన్నచోట నొక్కితే, మనం లోగడ రాసి ఇచ్చిన ఫోను నెంబరుకో, మరో మెయిలుకో ఒక కోడు పంపుతారు. అది ఒక్కసారే పనిచేస్తుంది, కాసేపటికి చెల్లదు. కోడు కొడితే కొత్త పాస్‌వర్డు పెట్టుకోనిస్తారు. నాన్నగారి చిక్కు ఇక్కడే వచ్చింది. ఆయన ఫోను నెంబరు మార్చి చాలాకాలమయింది, ఖాతాలో మాత్రం పాతదే ఉంది. మనం వదిలేసిన నెంబరును ఫోను కంపెనీవాళ్ళు కొన్నాళ్ళకు మరొకరికి ఇచ్చేస్తారు! అదృష్టవశాత్తూ ఇంట్లోని పాత ల్యాప్‌టాపులో ఆయన ఖాతా తెరిచే ఉంది. దాంట్లోంచి పని జరిగింది. ఇలాంటప్పుడు ఎప్పుడూ వాడే పరికరం నుంచి, ఎప్పుడూ ఉండే చోటు నుంచి ప్రయత్నిస్తే కంపెనీ మనల్ని తేలిగ్గా గుర్తుపడుతుంది. ఈ పత్రిక పక్కన పెట్టగానే మీ ఇంట్లో అందరి ఖాతాలలోనూ ఏ నెంబరు ఉందో చూడండి.

దొంగల అసలు ఎత్తు ఇంకోటి ఉంది. దొంగ మీ మెయిలు చిరునామా కొట్టి, తానే "మరిచిపోయాను" అని నొక్కుతాడు. కోడు మీ ఫోనుకు వస్తుంది. అది నిజమైన కోడే, నిజమైన కంపెనీ పంపినదే! వెంటనే ఫోను మోగుతుంది. "మేము మెయిలు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామండీ. మీ ఖాతాలో ఎవరో చొరబడుతున్నారు. ఆపాలంటే ఇప్పుడు వచ్చిన అంకెలు చదవండి," అంటాడు. చదివారా, కొత్త పాస్‌వర్డు వాడు పెట్టుకుంటాడు. మీరు అడగకుండా కోడు వచ్చిందంటే తలుపు అవతల ఎవరో ఉన్నారని అర్థం. ఆ కోడు ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే చాలు, వాడు బయటే ఉండిపోతాడు. పాస్‌వర్డయినా కోడయినా మనం తలుపు దగ్గరకు వెళ్ళి చెప్పే మాట గాని, ఎవరో వచ్చి అడిగితే చెప్పే మాట కాదు.

మెయిలుమీద ఇంత మోజు దొంగకెందుకో తెలుసా? బ్యాంకు, బడి, రైలు టిక్కెట్లు, అన్నిటి పాస్‌వర్డులు మార్చుకునే కబుర్లూ అక్కడికే వస్తాయి. తాళంచెవుల గుత్తి అంతా ఒకే చిలక్కొయ్యకు తగిలించినట్టు.

మోసపు జాబులలో కంగారు ఎక్కువ. "ఇరవైనాలుగు గంటలలో మీ ఖాతా మూసేస్తాం, ఈ లంకె నొక్కండి," అని ఉంటుంది. పంపినవారి పేరు నమ్మకండి, దొంగ ఏ పేరైనా పెట్టుకోగలడు. చిరునామా చూడండి. చూడటం కుడివైపు నుంచి. ఉత్తరం కవరు మీద జిల్లా పేరు చివర ఉన్నట్టే, మెయిలు చిరునామాలో అసలు యజమాని పేరు చివరికి ఉంటుంది. "గూగుల్ డాట్ కామ్ డాట్ ఫలానా డాట్ నెట్" అంటే అది గూగుల్‌ది కాదు, ఫలానా వాడిది. మన దేశంలోని బ్యాంకుల వెబ్ చిరునామాలు "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ముగియాలనీ, 2025 అక్టోబరు 31కల్లా మార్చుకోవాలనీ రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అదీ గుర్తుంచుకోండి. నిజమో అబద్ధమో తేలకపోతే లంకె జోలికి పోకుండా, చిరునామా మీరే కొట్టుకుని వెళ్ళి చూడండి.

పెద్దలకు ఒక మాట. పిల్లవాడు తెలియక ఏ లంకెలోనో పాస్‌వర్డు కొట్టేశాడనుకోండి, దయచేసి తిట్టకండి. తిట్లకు భయపడి రెండు రోజులు దాస్తే ఆ రెండు రోజులూ దొంగవే. వెంటనే పాస్‌వర్డు మార్చండి. తక్కిన పరికరాలన్నిటిలోంచీ ఖాతాను మూసెయ్యండి. మీ జాబులు వేరే చిరునామాకు వెళ్ళేలా దొంగ ఏమైనా ఏర్పాటు చేశాడేమో చూడండి, పాస్‌వర్డు మార్చినా అది అలాగే ఉండిపోతుంది. రెండంచెల తనిఖీ పెట్టుకోండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి.

పిల్లలూ, ఇక మీ పని. మన ఆటలో 09 ముద్రకు సరిపోయే సంఖ్యలు నాలుగున్నాయి గదా. 25 ముద్రకు ఎన్ని ఉన్నాయో లెక్కకట్టండి. 09 ముద్ర ఉన్న తాళం గట్టిదా, 25 ముద్ర ఉన్నది గట్టిదా? జవాబు వచ్చే నెల.