మీ ప్రశ్నకు జవాబు: జలపాతానికి ఎప్పుడు వెళ్ళాలి?

ఈ నెల ప్రశ్న నరసన్నపేట నుంచి వచ్చింది. "వేసవి సెలవుల్లో ఇంటిల్లపాదీ మెట్టుగూడ జలపాతానికి వెళదామనుకుంటున్నాము. అప్పుడు నీరు బాగా ఉంటుందా? లేకపోతే ఏ కాలంలో వెళితే మంచిది?" అని ఒక పాఠకుడు అడిగాడు.

మెట్టుగూడ ఎక్కడున్నదో మిగతా పిల్లలకు తెలియకపోవచ్చు. నరసన్నపేటకు వాయవ్యంగా, నాగావళికీ వంశధారకూ నడుమ సీతంపేట కొండలున్నాయి. ఆ కొండల్లోది ఈ జలపాతం. సీతంపేట ఇదివరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. అక్కడ నివసించేవారు సవరలు. వారి భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారు పుట్టినది నరసన్నపేటకు చేరువలోనే, శ్రీముఖలింగం పక్కన ఉన్న పర్వతాలపేటలో.

ఇక ప్రశ్నకు వద్దాం. వేసవిలో మాత్రం వెళ్ళకండి. తడిసిన బండలు తప్ప అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. హిమాలయాల్లో పుట్టిన నదులకు ఎండాకాలంలో మంచు కరిగి నీరు వస్తుంది. మన తూర్పు కనుమల్లో మంచుకొండలు లేవు. మన గెడ్డలకు వాన ఒక్కటే ఆధారం. ఏప్రిల్, మే నెలల్లో సాయంకాలం పూట ఉరుములతో ఒక వాన పడుతుంది గాని, ఎండిన నేల దాన్ని అక్కడికక్కడే తాగేస్తుంది. గెడ్డ దాకా నీరు రాదు.

"ఐతే వానలు జోరుగా కురిసే శ్రావణ భాద్రపదాల్లో వెళితే సరి!" అని మీరనవచ్చు. చాలామంది అలాగే అనుకుంటారు. కాని నీరు ఎక్కువగా ఉన్నప్పుడే జలపాతం బాగా కనిపిస్తుందన్న నియమం లేదు. ఆఫ్రికాలో జాంబెజీ నది మీద విక్టోరియా జలపాతం ఉన్నది. దాని ఎత్తు 108 మీటర్లు. అక్కడివాళ్ళు దాన్ని "ఉరిమే పొగ" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఏప్రిల్ ప్రాంతంలో నది నిండుగా పారుతుంది. అప్పుడు తుంపరలు ఎంత దట్టంగా లేస్తాయంటే, ఎదురుగా నిలబడినవాడికి తెల్లని పొగ తప్ప మరేమీ కనబడదు! హోరు మాత్రం వింటాడు.

మన చిన్న గెడ్డల దగ్గర చిక్కు ఇంకొకటి, అంతకంటె పెద్దది. చిన్న లెక్క చేయండి. ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే ఎంత నీరవుతుంది? కోటి లీటర్లు! గెడ్డలోకి నీరు దింపే కొండవాలు నాలుగు చదరపు కిలోమీటర్లు ఉన్నదనుకోండి. దాని మీద గంటలో అయిదు సెంటీమీటర్లు కురిస్తే ఇరవై కోట్ల లీటర్లు. అప్పటికే నేల నాని ఉంటే ఇందులో చాలా భాగం ఇంకకుండా కిందికి పరుగెత్తుతుంది. వాన కొండ మీద పడుతుంది, మీరు కింద మడుగులో ఎండలో ఈదుతూ ఉంటారు. నీరు వస్తున్నదని చెప్పటానికి ఎవరూ ఉండరు.

అంచేత ఏ కాలంలో వెళ్ళినా కొన్ని గుర్తులు తెలిసి ఉండాలి. తేటగా ఉన్న నీరు హఠాత్తుగా ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావటం మొదలుపెట్టినా, హోరు పెరిగినా ఆ క్షణమే ఒడ్డుకు వచ్చి ఎత్తైన చోటికి ఎక్కాలి. చెప్పులూ, టిఫిను డబ్బాలూ తెచ్చుకుందామని వెనక్కి పోగూడదు. పై కొండల్లో మబ్బు పట్టి ఉంటే అసలు నీళ్ళలో దిగనే గూడదు. వానకాలంలో బండలకు పాచి పడుతుంది, ఏజెన్సీ గ్రామాల్లో మలేరియా దోమలు కూడా పెరుగుతాయి.

మరి వాన ఆగిపోయాక జలపాతం కూడా ఆగిపోవద్దా? ఆగదు. ఎందుకో మీరే పరీక్ష చేసి చూడవచ్చు. అడుగున చిన్న చిల్లు ఉన్న పాత కుండ ఒకటి తీసుకుని, చిల్లు మీద గుడ్డపీలిక వేసి, నిండా ఇసుక పోయండి. పైన మెల్లగా రెండు చెంబుల నీళ్ళు పోయండి. పోయటం మానేసిన చాలాసేపటి దాకా చిల్లులోంచి చుక్కలు పడుతూనే ఉంటాయి. అవే నీళ్ళు ఇంటి పెంకు మీద పోస్తే క్షణంలో జారిపోతాయి. అడవి ఉన్న కొండ ఇసుక కుండలాంటిది. రాలిన ఆకులూ, చెట్ల వేళ్ళూ, వాటి కింద మెత్తబడిన రాయీ నీటిని దాచుకుని నెలల తరబడి ఊటలుగా వదులుతాయి. చెట్లు కొట్టేసిన కొండ పెంకులాంటిది. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైటు అంటారు. ఇక్కడి ఖోండు జాతివారిని బట్టి 1902లో దానికి ఆ పేరు వచ్చింది.

నైరుతి ఋతుపవనం జూనులో వచ్చి అక్టోబరులో మరలుతుంది. వెంటనే బయలుదేరవచ్చునా? కొంచెం ఆగండి. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వంశధార పొంగింది, ఉద్దానంలో కొబ్బరితోటలు నేలకూలాయి. అంచేత కార్తీకంలో వనభోజనాలకు వెళ్ళేవారు ముందు వాతావరణ సూచన వినాలి. పెద్దలు వనభోజనాలకు ఆ మాసమే ఎన్నుకోవటంలో తెలివి ఉన్నది. గెడ్డల్లో నీరుంటుంది, ఎండ తీక్షణంగా ఉండదు. కాని కార్తీక ఆదివారాలు జలపాతం దగ్గర జనం సంతలాగా ఉంటారు. వాళ్ళు పారేసిన విస్తళ్ళూ ప్లాస్టిక్ గ్లాసులూ గెడ్డలోనే పడతాయి. ఆ నీరు కింది గూడేలకు పోతుంది గదా!

నన్నడిగితే మార్గశిరం మంచిదంటాను, అంటే ఇంచుమించు నవంబరు చివరినుంచి డిసెంబరు దాకా. అప్పటికి తుపానులు చాలావరకు దక్షిణాదికి జరుగుతాయి. బురద పేరుకుని నీరు అద్దంలా ఉంటుంది. పొద్దున్నే కొండల మీద మంచు పరుచుకుంటుంది గనక, ఎండ వచ్చాక తొమ్మిది పది గంటలకు చేరుకుంటే బాగుంటుంది. సంక్రాంతి సెలవులకు ధార కాస్త సన్నబడుతుంది, అయినా చూడదగ్గదే.

వేసవి సెలవులు తప్ప వేరే వీలు లేదంటే, ఈ ఏటికి కొండల వైపు కాక సముద్రం వైపు వెళ్ళండి. నరసన్నపేటనుంచి కళింగపట్నం దూరమేమీ కాదు. వంశధార సముద్రంలో కలిసే చోటు అదే. దీపస్తంభం కూడా ఉన్నది. దగ్గరలోనే నది ఒడ్డున సాలిహుండం కొండ మీద బౌద్ధుల స్తూపాలు చూడవచ్చు. ఎండ ముదరక ముందే కొండెక్కండి, తాగటానికి నీళ్ళు వెంట తీసుకుపోండి.