పూటకూళ్ళ స్వర్గం



మారిషస్ విహారయాత్రను గురించి మన మిత్రులొకరు ఇటీవల రాసిన టపా చదివాను. ఛాయాచిత్రాలు కన్నులపండుగగా ఉన్నాయి. 'భూతలస్వర్గం' అన్న మాట అందులో 5 సార్లు వచ్చింది. లెక్కపెట్టాను, ముప్ఫయి రెండేళ్ళు ఎర్రసిరా కలం పట్టిన చేతికి ఆ దురలవాటు ఒక పట్టాన వదలదు. కింద వ్యాఖ్యలలో చాలామంది తమకూ వెళ్ళాలని ఉందన్నారు. ఒకాయన మరొక అడుగు ముందుకు వేసి, మన సూర్యలంక, మంగినపూడి ఎప్పటికి అలా తయారవుతాయో అని నిట్టూర్చారు. అక్కడే వ్యాఖ్య రాయబోయాను. అది వ్యాఖ్య పరిమితిని దాటిపోవడంతో ఇక్కడికి తెచ్చాను.

మిత్రునిపై నాకు కోపం లేదు. ఆయన రాసిన వాక్యాలలో ఒక్కటీ అసత్యమనను. రాయనిదానితోనే నా తగవు. ఏడు రాత్రులు మారిషస్‌లో గడిపిన తెలుగువాని టపాలో గది ఉంది, గది ముందు ఈతకొలను ఉంది, పళ్ళరసం గ్లాసుపై గుచ్చిన చిన్న కాగితపు గొడుగు కూడా ఉంది. మారిషస్ లేదు.

ఇంత మాట అనడానికి నీకేమి అధికారమని అడగవచ్చు. అదే తప్పు నేనూ చేసి వచ్చాను. అంతకు మించిన అధికారం నాకు లేదు.

2023 డిసెంబరులో మా అబ్బాయి మమ్మల్నిద్దరినీ ఆ ద్వీపానికి తీసుకువెళ్ళాడు. వద్దని నేను ఎన్ని విధాల చెప్పినా, మా ఆవిడ సముద్రమంటే చిన్నపిల్ల అయిపోతుంది. సముద్రతీరాన ఒక పెద్ద విలాస విడిది. దాని పేరు చెప్పను, అక్కరలేదు. అవన్నీ ఒకే అచ్చు. దిగగానే చల్లని తువ్వాలు అందించారు. పిమ్మట ఒక అమ్మాయి నా కుడి మణికట్టుకు నీలిరంగు పట్టీ ఒకటి బిగించింది. ఏడు రోజులూ అది తీయకూడదట. ఆ పట్టీ ఉంటే ఏ వేళకైనా భోజనం, ఏ పానీయమైనా ఉచితం. 'ఉచితం' అన్న మాటకు కించిత్తు నవ్వు వచ్చింది. మా అబ్బాయి నెలల జీతం ముందే అక్కడ జమ అయింది గదా.

మా అబ్బాయి "నాన్నగారూ, ఇక్కడ మనం గెస్టులం" అన్నాడు. పండితుడు ఊరుకోలేడు. అతిథి అంటే తిథివార నియమం లేకుండా వచ్చినవాడు. ఏ రోజు వస్తాడో, ఎవడో, ఏ ఊరివాడో తెలియనివాడు. ముందుగా వార్త పంపి, తెలిసి వచ్చినవాడు అభ్యాగతుడు. మూడు నెలల ముందు గది కుదుర్చుకుని, కార్డు సంఖ్య ఇచ్చి, రాబోయే రోజునూ పోబోయే గంటనూ రాసి ఇచ్చి వచ్చినవాణ్ణి ఏ నిఘంటువు ప్రకారం అతిథి అనాలి? తైత్తిరీయోపనిషత్తులోని మూడు మాటలను హోటళ్ళ గోడలపై చెక్కించుకున్న మన దేశంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మనకు దీనికి సరైన మాట ఏనాడో ఉంది: పూటకూళ్ళ ఇల్లు. డబ్బు పుచ్చుకుని పూటకు అన్నం పెట్టే చోటు. అందులో అవమానమేమీ లేదు. అయితే పూటకూళ్ళమ్మ విస్తరి వేస్తూ, నాయనా ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేది. వారం రోజులలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాడు ఒక్కడే. వాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ఇక స్వర్గం. అదీ తప్పు ప్రయోగమని అనుకున్నాను గాని, ఆలోచిస్తే చాలా ఒప్పు. పుణ్యం చెల్లినంతకాలమే స్వర్గం. చెల్లగానే కిందికి తోసేస్తారు. అక్కడ ఏడవ రోజు పదకొండు గంటలకు పుణ్యం చెల్లింది. పట్టీని కత్తెరతో కత్తిరించారు.

ఆ విడిదికి మూడు వైపులా గోడ, నాలుగోవైపు సముద్రం. ఒక సాయంకాలం ఒక కుటుంబం, తల్లీతండ్రీ ఇద్దరు పిల్లలూ, తీరం వెంబడి నడచివచ్చి మా కుర్చీలకు కొంత దూరంలో ఇసుకపై కూర్చోబోయారు. కాపలావాడు వెళ్ళి ఏదో చెప్పాడు. వారు వాదించలేదు, చెప్పులు చేతబట్టుకుని లేచి వెళ్ళారు. ఇది విడిది సొంత తీరం కాబోలునని నేను తల తిప్పుకున్నాను. ఇంటికి వచ్చి చదివితే తెలిసింది, ఆ దేశపు చట్టం ప్రకారం పోటుగీత వరకు ఉన్న ఇసుకంతా ప్రజలది. ఆ గీత నుంచి లోపలికి 81 మీటర్ల పైచిలుకు నేల ఫ్రెంచివారి కాలం నుంచి ప్రభుత్వం పేరనే ఉంది. హోటళ్ళు దాన్ని కౌలుకు మాత్రమే పుచ్చుకుంటాయి. మా తీరాలను దొంగిలించడం ఆపండని అక్కడి యువకులు క్రియోల్ భాషలో ఒక సంఘం పెట్టుకుని, దక్షిణాన పోంపొనెట్ తీరం విషయమై 2016 నుంచి పోరాడారు. అంటే ఆనాడు లేచి వెళ్ళవలసినవాళ్ళం మేమో వారో నాకు ఇప్పటికీ సందేహమే.

2020 జూలైలో వకాషియో అనే జపాను ఓడ ఆగ్నేయతీరాన పగడపు దిబ్బకు తగులుకుంది. ఆగస్టులో దాని కడుపులోంచి వెయ్యి టన్నుల దాకా చమురు సముద్రంలో కలిసింది. అప్పుడు తీరానికి పరుగెత్తినది ఊరివారు. ఎండిన చెరకు ఆకులను గుడ్డ సంచులలో కూరి, కుట్టి, తాళ్ళతో కట్టి, మైళ్ళ పొడవున నీటిపై తేలే అడ్డుకట్టలు వేశారు. చమురును పీల్చుతుందని మంగలి దుకాణాలలో జుట్టు కత్తిరించుకుని ఇచ్చారు. అప్పుడు ఎవరి మణికట్టుకూ పట్టీ ఉందో లేదో చూడలేదు.

చెరకు ఆకు అన్నాను గనుక అసలు మాటకు వస్తాను. ఆ చెరకు నాటినది ఎవరు?

1834లో మొదలుపెట్టి ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళ వరకు సుమారు 4 లక్షల 50 వేల మంది భారతీయ ఒప్పందపు కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. అందులో తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. విశాఖ, గంజాం, గోదావరి మండలాలవారు. కోరంగి రేవున ఓడలెక్కినందున వారందరికీ అక్కడ 'కోరంగీ'లని పేరు పడింది. మన కాకినాడ పక్కన మడచెట్ల నడుమ నిద్రపోతున్న కోరంగి! 1839 తుపానులో ఆ రేవు తుడిచిపెట్టుకుపోయింది; దాని పేరు మాత్రం ఒక జాతి పేరై హిందూమహాసముద్రం అవతల బతికింది. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. ఒప్పందం తీరిన తరువాత కూడా, 1867 నాటి చట్టం వచ్చాక, తన ఛాయాచిత్రం అంటించిన చీటీ ఒంటిపై లేకుండా రోడ్డుమీద కనబడితే తిరుగుబోతు అని పట్టుకుపోయేవారు.

నా నీలిపట్టీకీ ఆ చీటీకీ పోలిక పెట్టడం అన్యాయమే. నాది అడిగినప్పుడల్లా కొబ్బరినీళ్ళు తెప్పించింది. అయినా రెండింటి పనీ ఒక్కటే: మనిషి గోడకు ఏ పక్క ఉండవలసినవాడో చెప్పడం.

ఇప్పుడు ఆ ఒక్కని సంగతి. విశ్రాంతికని నేను వెంట పట్టుకుపోయిన పుస్తకం బాలవ్యాకరణం. (నవ్వకండి. నాకు అందులో కూడా అలలు కనబడతాయి.) ఆరవరోజు ఉదయం చెట్టు నీడన కుర్చీలో కూర్చుని చదువుకుంటున్నాను. తీరాన కొట్టుకొచ్చిన నాచును దంతెతో లాగుతున్న ఒక నడివయసు పనివాడు ఆగి, నా చేతిలోని అట్టను తదేకంగా చూశాడు. దగ్గరికి వచ్చాడు. వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లవానిలా, "బా... ల..." అని ఆగాడు. 'వ్యా' దగ్గర తల గోక్కున్నాడు. నేను అందించాను. "క, ర, ణం" అని తాను పూర్తి చేసి, పళ్ళన్నీ కనబడేట్టు నవ్వాడు.

చిన్నప్పుడు బడిలో తెలుగు నేర్పారట. అది అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో నేటికీ పిల్లలు ఎంచుకోదగిన భాష. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. ఇంట్లో మాట్లాడేది క్రియోలే. తెలుగు మిగిలింది పాటల్లో, పూజల్లో. ఇంగ్లీషులో మధ్యమధ్య ఒక్కొక్క తెలుగు మాట పొదుగుతూ మాట్లాడాడు. మీది ఏ ఊరని అడిగాడు. బెజవాడ అన్నాను. అతనికి తెలియదు. సింహాచలం తెలుసు, ఎక్కడుందో తెలియదు గాని, సింహాద్రి అప్పన్న తెలుసు. ఆ రాత్రి తన మేనమామ ఇంట రాంభజన ఉందని, దీపం చుట్టూ పాడుతూ తిరుగుతామని చేతులతో చూపించి, "మీరు రావాలి, భోజనం" అన్నాడు. కాగితంపై ఊరిపేరు రాసి ఇచ్చాడు. ముప్పావుగంట ప్రయాణమట.

చూశారా మిత్రులారా, ఏడురోజులలో నన్ను అతిథిగా పిలిచినవాడు అతడొక్కడే. తిథి చూడలేదు, కార్డు అడగలేదు.

నేను వెళ్ళలేదు.

మా అబ్బాయిని అంటే పాపం. వాడు చెప్పినదంతా సబబుగానే ఉంది. ఆ రాత్రి సముద్రపుటొడ్డున ప్రత్యేక విందు, దానికి ముందే చెల్లించాం. బయటికి వెళ్ళాలంటే బల్ల దగ్గర చెప్పి, వారి బండే కుదుర్చుకోవాలి. చీకటి, తెలియని ఊరు, నా మోకాళ్ళు. ఆ బల్ల మీద యాత్రల జాబితా ఉంది: డాల్ఫిన్లు, తెరచాప పడవ, షామరెల్‌లో ఏడు రంగుల మట్టి. మనవాళ్ళు ఓడ దిగి ఎక్కిన పదహారు మెట్లు ఉన్న ఆప్రవాసి ఘాట్, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది, ఆ జాబితాలో లేదు. రాంభజన ఎలాగూ ఉండదు. నేను కూడా, సరేలే, అనేశాను. నా బతుకంతా తెలుగు చెప్పి, పింఛను తిని, నూటయాభై ఏళ్ళు సముద్రం మీద తెలుగును కాపాడుకున్న ఇంటికి పిలిస్తే, కొవ్వొత్తుల వెలుగులో పేరు తెలియని చేపను చూస్తూ కూర్చున్నాను. నేను శాకాహారిని కూడాను.

డొక్కా సీతమ్మగారు గోదావరి లంకల్లో దారినపోయేవారికి వేళాపాళా లేకుండా అన్నం వడ్డించినది పందొమ్మిదవ శతాబ్దంలోనే. అదే గోదావరి ముఖాన ఆకలికి తాళలేక జనం పరదేశపు ఓడలెక్కినదీ ఆ శతాబ్దంలోనే. అత్యధికంగా కూలీలు దిగిన సంవత్సరాలు 1858, 1859. చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడినది కూడా 1858లో! వ్యాకరణం ఇక్కడ ఉండిపోయింది, భాష ఓడెక్కింది. ఆ పనివాడు 'వ్యా' దగ్గర తడబడ్డాడని నేను దిద్దాను. దిద్దవలసినవాడు ఎవడు?

విశ్రాంతికి వెళ్ళినవాళ్ళకు చరిత్ర పాఠమెందుకని మీరనవచ్చు. విశ్రాంతి మంచిదే. మా భవానీపురంలో పున్నమి ఘాట్ నుంచి పడవెక్కితే భవానీ ద్వీపంలోనూ దొరుకుతుంది. దానికి టిక్కెట్టు చాలు, పట్టీ అక్కరలేదు. ఆ విడుదుల వలన ఆ దేశస్థులకు బతుకుతెరువు దొరుకుతోంది గదా అన్నది రెండో మాట. ఇది బలమైన మాట, ఒప్పుకుంటాను. 2019లో ఆ ద్వీపానికి వచ్చిన యాత్రికులు సుమారు 13 లక్షల 80 వేలు. దేశ జనాభా కంటె ఎక్కువ. ఐరోపావారు చక్కెరకు ఇచ్చే హామీధర 2009తో ముగిశాక చెరకు కంపెనీలే తమ పొలాలను విలాస గృహాలుగా మార్చుకున్నాయి. కొడవలి పట్టిన వంశం దంతె పట్టింది. జీతం మెరుగే, ఎండ తక్కువే. కాని బతుకుతెరువు ఇస్తున్నామన్న మాట తోటల యజమానులు కూడా అన్నారు. జీతం ఇచ్చినంత మాత్రాన ఆ మనిషిని చూడకుండా ఉండే హక్కు కూడా కొన్నట్టేనా?

ఇక సూర్యలంకను అలా చేయాలన్న మిత్రునికి. అయ్యా, కార్తికమాసంలో సూర్యలంకకూ మంగినపూడికీ ఎంత జనం వస్తారో మీరు చూడకుండా ఉండరు. తెల్లవారుజామున స్నానం చేసి, ఇసుకలోనే కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతారు. మరుగుదొడ్లు కావాలి, నీటి కుళాయిలు కావాలి, మునిగేవాణ్ణి రక్షించే మనిషి కావాలి, చెత్త ఎత్తాలి. వాటిని అడగండి, నేనూ సంతకం పెడతాను. కాని మీరు మెచ్చిన ఛాయాచిత్రంలో ఇసుక అంత శుభ్రంగా, అంత ఖాళీగా ఎలా ఉందో నేను కళ్ళారా చూశాను. చెప్పులు చేతబట్టుకుని లేచి వెళ్ళిన ఆ నలుగురి స్థానంలో మీ ఊరి నలుగురిని ఊహించి, అప్పుడు కూడా మీ వ్యాఖ్య అలాగే ఉంచుతారేమో చెప్పండి.

ఊరిపేరు రాసిన ఆ కాగితం ఇప్పటికీ బాలవ్యాకరణంలోనే ఉంది. మారిషస్ వెళ్ళిన మిత్రులలో ఎవరైనా రాంభజనకు పోయి ఉంటే, దయచేసి కింద రాయండి. పాట ఎవరు ఎత్తుకుంటారు, దీపం చుట్టూ ఎటుగా తిరుగుతారు, పాటలో తెలుగు ఎంత మిగిలింది, చివర విస్తట్లో ఏమేమి వడ్డిస్తారు. అన్నీ రాయండి.