పెద్దల సభలో సెండాఫ్

ఆ క్లిప్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. రాజ్యసభలో రాఘవ్ చద్దా లేచి, ఫస్ట్ స్కూలు, ఫస్ట్ టీచరు, ఫస్ట్ లవ్... ఇవి ఎవరూ మర్చిపోరు, నా ఫస్ట్ చైర్మన్ మీరే అంటాడు. కుర్చీలోంచి వెంకయ్యనాయుడు గారు అందుకుని, ప్రేమ ఒక్కసారే కదా పుట్టేది, రెండోసారి, మూడోసారి కూడా పుడుతుందా అని అడుగుతారు. ఇక సభంతా నవ్వులే.

అది 2022 ఆగస్టు 8. ఉపరాష్ట్రపతిగా, రాజ్యసభ చైర్మన్‌గా ఆయన ఐదేళ్లు పూర్తవడానికి ఇంకా రెండు రోజులుంది. క్లిప్‌తో ఆగకుండా ఆ రోజు ప్రసంగాలన్నీ వరసగా చూశాను (1.5 స్పీడ్‌లో పెట్టాలెండి, మన అలవాటు). ప్రధాని మోదీ ఆయన వన్‌లైనర్లని మెచ్చుకున్నారు. అన్ని పార్టీల వాళ్లూ లేచి మంచి మాటలే చెప్పారు. ఒకళ్లు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వింటున్నారు. ఇందులో వింతేముంది అంటారా? దాదాపు రెండు వారాల క్రితం, జూలై 26న, ఇదే సభ ఒక్క రోజులో 19 మంది ప్రతిపక్ష ఎంపీల్ని సస్పెండ్ చేసింది. ధరల పెరుగుదల, జీఎస్టీల మీద చర్చ కావాలని వాళ్లు వెల్‌లోకి వెళ్లారు. వాళ్లలో టీఆర్ఎస్ వాళ్లు కూడా ఉన్నారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో కొందరు ఎంపీలు సభలో బల్లలెక్కితే, మర్నాడు ఇదే కుర్చీలో కూర్చుని వెంకయ్య గారు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇంత గొడవపడే సభ ఇంత శ్రద్ధగా వినగలదని తెలియాలంటే ఎవరో ఒకరు రిటైర్ అవ్వాలన్నమాట!

మన ఆఫీసు సెండాఫ్‌లూ ఇంతే. కేక్ కట్ చేసేటప్పుడు, అర్ధరాత్రి పడిపోయిన రిలీజ్ గురించి ఎవడూ ఎత్తడు. నాకు ఆ పద్ధతి నచ్చదు. వెళ్లిపోయే మనిషికి నిజంగా విలువిస్తే, అడగాల్సిందేదో ఆ రోజే అడగాలి.

ఆ రోజు అలా అడిగింది తృణమూల్ ఎంపీ డెరెక్ ఓబ్రియెన్. ముందు వెంకయ్య గారి అమ్మ గురించి చెప్పాడు. ఆయన ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడే ఆవిడ పోయారు. అది వింటూ వెంకయ్య గారు కళ్లు తుడుచుకున్నారు. అదే ప్రసంగంలో డెరెక్ ఇంకో మాట కూడా అన్నాడు: 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లులు పాసైనప్పుడు మీరు కుర్చీలో లేరు, ఎందుకో ఎప్పుడైనా మీ ఆత్మకథలో చెప్తారేమో అని. ఆ రోజు కుర్చీలో డిప్యూటీ చైర్మన్ ఉన్నారు. ప్రతిపక్షం ఓటింగ్ కావాలని అరుస్తుంటే బిల్లులు మూజువాణి ఓటుతో దాటిపోయాయి. ఏడాది తర్వాత ఆ చట్టాల్ని కేంద్రమే వెనక్కి తీసుకుంది. నేను విన్నవాటిలో ఆయనకి నిజంగా గౌరవం ఇచ్చిన ప్రసంగం ఇదే.

ఆ సాయంత్రానికి ఎవరికీ పెద్దగా గుర్తుండనివి రెండున్నాయి. మంత్రులు సభలో కాగితాలు పెట్టేటప్పుడు ‘ఐ బెగ్ టు లే’ అనేవాళ్లు, బ్రిటిష్ కాలం నాటి అలవాటు. 2017 డిసెంబరులో, చైర్మన్‌గా తన మొదటి పూర్తి సమావేశాల్లోనే, అడుక్కోవడం దేనికి, మనది స్వతంత్ర దేశం కదా అన్నారు వెంకయ్య గారు. సెట్టింగ్స్‌లో ఎవరూ ముట్టుకోని డిఫాల్ట్ ఒకటి మార్చినట్టు.

రెండోది భాష. 2018 వర్షాకాల సమావేశాల నుంచి రాజ్యసభలో 22 భాషల్లో ఏదైనా మాట్లాడొచ్చు, ముందుగా చెప్తే అనువాదకుల్ని పెడతారు. అప్పటిదాకా డోగ్రీ, కశ్మీరీ, కొంకణి, సంతాలీ, సింధీలకి ఆ ఏర్పాటు లేదు. 2019 డిసెంబరులో ఒడిశా ఎంపీ సరోజినీ హేంబ్రమ్ లేచి సంతాలీలో మాట్లాడారు. ఆ భాషకి ఓల్ చికి లిపి తయారుచేసిన రఘునాథ్ ముర్ముకి భారతరత్న ఇవ్వమని అడిగారు. రాజ్యసభలో సంతాలీ వినపడటం అదే మొదటిసారి.