బిడ్డ బరువు కంటి అంచనాకు అందదు

ఖమ్మం మార్కెట్‌కు మిర్చి తోలుకుపోయిన రైతు బస్తా బరువును వ్యాపారి కంటిచూపుకు వదలడు. కాంటా పక్కనే నిలబడి తూకం తానే చూసుకుంటాడు. కిలో తరుగు తీస్తే నిలదీస్తాడు. అదే రైతు ఇంట్లో రెండేళ్ళ బిడ్డ బరువు దగ్గరికి వచ్చేసరికి "బాగానే ఉన్నాడు" అన్న మాటతో సరిపెట్టుకుంటున్నాడు. కుసుమంచి మండలమైనా, భద్రాచలం అడవి అంచు గూడేలైనా చాలా ఇళ్ళలో ఇదే తీరు.

ఇందులో తల్లిదండ్రుల ప్రేమకు లోటేమీ లేదు. లోపం కంటి అంచనాలో ఉంది. మన బిడ్డను పక్కింటి బిడ్డతో పోల్చి చూస్తాం. పక్కింటి బిడ్డా బక్కగానే ఉంటే బక్కతనమే మామూలుగా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31.8 మంది వయసుకు తగిన బరువు లేరు. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు.

"మేమూ పొట్టివాళ్ళమే, మా బిడ్డ పుట్టుకే అంత" అనే మాట తరచూ వినబడుతుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ఎదుగుదల ప్రమాణాలు ఒక్క తెల్లవారి పిల్లలను చూసి రాసినవి కావు. ఆరు దేశాల పిల్లలను తూచి, కొలిచి తయారుచేశారు. అందులో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. తల్లిపాలు, తగిన తిండి, జబ్బుల నుంచి రక్షణ ఉంటే చిన్న వయసులో ఏ దేశపు బిడ్డ అయినా దాదాపు ఒకే తీరున ఎదుగుతుందని తేలింది.

కొన్ని అంకెలు ప్రతి ఇంటా గుర్తుండాలి. పుట్టినప్పుడు బిడ్డ బరువు రెండున్నర కిలోలకు తగ్గకూడదు. పుట్టిన బరువు అయిదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. ఏడాది నిండిన మగబిడ్డ 7.7 కిలోలకు, ఆడబిడ్డ 7 కిలోలకు తక్కువ ఉంటే బరువు తక్కువన్నట్లే. రెండేళ్ళకు ఆ హద్దు మగబిడ్డకు 9.7 కిలోలు, ఆడబిడ్డకు 9 కిలోలు. ఇవి కనీసపు హద్దులే తప్ప చేరవలసిన గమ్యాలు కావు.

మరొక ప్రమాదం ఉంది. ఒళ్ళు చేశాడనుకున్న బిడ్డకు నిజానికి నీరు పట్టి ఉండవచ్చు. రెండు పాదాల మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదిలితే గుంట అలాగే నిలిచిపోయిందా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా అది తీవ్రమైన లోపమే.

అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేసేది ఇందుకే. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో ఆ తూకం ఒక ముఖ్యమైన పని. ఎదుగుదల పటంలో చుక్క ఆకుపచ్చ భాగంలో ఉంటే బరువు తక్కువ లేదని, పసుపులోకి దిగితే తగ్గిందని, నారింజ రంగులో పడితే బాగా తగ్గిందని అర్థం. ఒక్క చుక్క చూసి ఊరుకోకూడదు, గీత పోకడ చూడాలి. ఆకుపచ్చలోనే ఉన్నా రెండు మూడు నెలలు గీత పైకి లేవకపోతే అది హెచ్చరికే. ఇప్పుడు బరువులు అంగన్‌వాడీ టీచరు ఫోనులోకి ఎక్కుతున్నాయి. మంచిదే. అయితే ఆ అంకె తల్లి చేతిలోని కార్డుకూ ఎక్కాలి, దాని అర్థం ఆమెకు చెప్పాలి. పైఅధికారులకు తెలిసి కన్నవారికి తెలియని బరువు వల్ల బిడ్డకు ఒరిగేదేమిటి?

బరువు తగ్గిన బిడ్డకు ఖరీదైన డబ్బా పిండి అక్కరలేదు. ఆరు నెలలు నిండాక తల్లిపాలు మానకుండా మెత్తటి పప్పన్నంలో చెంచా నూనె కలిపి, గుడ్డు, ఆకుకూర చేర్చి రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాలి. గంజినీళ్ళు కడుపు నింపుతాయే గాని బలం ఇవ్వవు. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం ఇంటిల్లిపాదికీ పంచేది కాదు, ఆ బిడ్డదే. విరేచనాలు, జ్వరం వచ్చినప్పుడు తిండి మాన్పించకూడదు. మిర్చి కోతల కాలంలో తల్లి తెల్లవారకముందే కూలికి పోతుంది. బిడ్డ నాయనమ్మ చేతిలో ఉంటుంది. కనుక ఈ సంగతులు ముందు నాయనమ్మకు తెలియాలి.

బొద్దుతనమంతా బలమనుకోవడమూ పొరపాటే. చిప్సు పొట్లాలు, తీపి పానీయాలతో పెరిగే బరువు రేపటి మధుమేహానికి దారి తీయవచ్చు. అలాంటి బిడ్డ కడుపు మాడ్చనక్కరలేదు. పొట్లాలు మాన్పించి, ఆటకు వదలాలి. ఎత్తుకు తగిన బరువో కాదో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి.

తూకం వేస్తే దిష్టి తగులుతుందన్న భయం ఇంకా అక్కడక్కడా ఉంది. తూకం వల్ల ఏ బిడ్డా చిక్కిపోదు. చిక్కిన సంగతి ఆలస్యంగా తెలిస్తేనే ముప్పు. అధికారులు ప్రతి కేంద్రంలో సరిగా తూగే కాంటా ఉండేట్లు చూడాలి. తండ్రులు తూకం రోజున ఒక పూట పని పక్కన పెట్టి కేంద్రానికి రావాలి. మిర్చి బస్తా తూకానికి చూపే పట్టింపులో సగమైనా బిడ్డ తూకానికి చూపితే, పటంలో గీత దిగజారకముందే మేలుకోవచ్చు.